ముద్ద నిలుస్తుందా, విడిపోతుందా?

జపాను కార్టూన్ చిత్రాల్లో పిల్లలు చేత్తో పట్టుకొని తినే తెల్లని ముక్కోణపు అన్నం ముద్దను మీరు చూసే ఉంటారు. దాని పేరు ఒనిగిరి. కింద కనిపించే నల్లని పట్టీ నోరి, అంటే ఎండబెట్టిన సముద్రపు నాచు. అన్నం, ఉప్పు, మధ్యలో ఒక పుల్లని ఊరగాయ ముక్క ఉంటే చాలు, ఒనిగిరి తయారు. జపాను వంటల్లో తేలికైన వాటిలో ఇదొకటి.

“మరి మన ఇంటి అన్నంతో చేస్తే విడిపోతున్నదేం?” అని మదీనాగూడ పిల్లలు కొందరు నన్నడిగారు. మంచి ప్రశ్న! దీనికి జవాబు వంటగదిలో ఉంది, వరి పొలంలోనూ ఉంది.

బియ్యంలో రెండు రకాల గొలుసులు

బియ్యంలో ఎక్కువ భాగం పిండి పదార్థమే. వేలకొద్దీ గ్లూకోజు అణువులు గొలుసులుగా కలిస్తే పిండి పదార్థం అవుతుంది. ఈ గొలుసులు రెండు రకాలు. మొదటిది అమైలోజ్. ఇది దాదాపు తిన్నగా, వెదురు కర్రలా ఉంటుంది. రెండవది అమైలోపెక్టిన్. ఇది తుమ్మ కొమ్మలా శాఖలు చాచి ఉంటుంది.

ఎసట్లో పడిన బియ్యం 60 నుండి 75 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడెక్కేసరికి, అందులోని పిండి రేణువులు నీటిని పీల్చుకొని ఉబ్బుతాయి. కొంత పిండి గింజ నుండి బయటికి వచ్చి నీళ్ళలో కలుస్తుంది. అదే మన గంజి. ఆ పిండిలోని శాఖల గొలుసులు గింజల మీద జిగురు పూతలా అంటుకొని, ఒక గింజను మరొక గింజతో కలుపుతాయి. తిన్నని గొలుసులు అలా కాదు. అన్నం చల్లారుతుంటే అవి పక్కపక్కన సర్దుకొని గట్టిపడతాయి. అందుకే అమైలోజ్ ఎక్కువగా ఉన్న అన్నం పొడిపొడిగా ఉంటుంది.

మన దేశంలో విరివిగా పండే ఇండికా రకాల్లో అమైలోజ్ సాధారణంగా 20 నుండి 30 శాతం ఉంటుంది. జపానులో పండే జపోనికా రకాల్లో 15 నుండి 20 శాతం. అస్సాంలోని బోరా బియ్యం వంటి జిగురు రకాల్లో ఇది చాలా తక్కువ.

మన మసూరికి జపోనికా చుట్టరికం

ఇక్కడొక వింత ఉంది. 1950 దశకంలో కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థలో ఇండికా, జపోనికా రకాలను సంకరం చేసే పని పెద్ద ఎత్తున సాగింది. అప్పుడు తైచుంగ్ 65 అనే జపోనికా రకాన్ని, మయాంగ్ ఎబోస్ 80 అనే మలయా రకంతో సంకరం చేశారు. ఆ సంతతి నుండి ఎన్నుకొన్న ఒక రకాన్ని 1965లో మలేషియాలో ‘మసూరి’ పేరుతో విడుదల చేశారు. ఆ మసూరి మన ప్రాంతానికీ వచ్చింది. దాని వంశం నుండే బాపట్ల పరిశోధన కేంద్రం సాంబ మసూరిని, అనగా బి.పి.టి. 5204ను, రూపొందించి 1986లో విడుదల చేసింది. సోనా మసూరికి కూడా మసూరి ఒక జనకమే.

అంటే మనం రోజూ తినే అన్నానికి జపోనికా వరితో చుట్టరికం ఉందన్నమాట! మరి జపాను అన్నంలా ఎందుకు అంటుకోదు? తాతగారి పోలికలన్నీ మనవడికి రావు కదా. మనకు పొడిపొడిగా ఉండే అన్నమంటే ఇష్టం. కనుక వంగడాలను ఎంపిక చేసేటప్పుడు ఆ గుణాన్నీ చూస్తారు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థలో కొత్త వంగడాల దిగుబడితోపాటు అమైలోజ్ ఎంత ఉందో కూడా పరీక్షిస్తారు.

ముద్ద చేసే పద్ధతి

వంగడాన్ని మనం మార్చలేం. కాని రెండు విషయాలు మన చేతిలో ఉన్నాయి. ఒకటి, కొత్త బియ్యం వాడడం. బియ్యం నిలవ ఉన్నకొద్దీ గింజ బిగుసుకొని, వండేటప్పుడు పిండిని తక్కువగా వదులుతుంది. కొత్త బియ్యం ముద్దవుతుందని అమ్మమ్మలు అనేది ఇందుకే. రెండు, గంజి వార్చకపోవడం. గంజి వారిస్తే జిగురంతా వెళ్ళిపోతుంది. కాబట్టి అత్తెసరు పెట్టాలి.

పెద్దవారిని దగ్గర ఉంచుకొని చేయండి. ఒక గ్లాసు కొత్త సోనా మసూరి బియ్యాన్ని రెండు మూడు సార్లు కడిగి, అరగంట నానబెట్టండి. ఆ నీళ్ళు వంచేసి, రెండు గ్లాసులకు కొంచెం తక్కువగా నీళ్ళు పోసి, మూతపెట్టి సన్నని సెగ మీద ఉడికించండి. నీరు ఇగిరాక మంట ఆపి, పది నిమిషాలు మూత తీయకండి. చేయి పట్టేంత వేడిలో ఉండగానే తడిచేత్తో కొంచెం ఉప్పు అద్దుకొని అన్నం తీసుకోండి. మధ్యలో ఉసిరికాయ పచ్చడి ముక్క పెట్టి, ముక్కోణంగా నొక్కండి. నోరి దొరక్కపోతే వేయించిన నువ్వులు అద్దితే సరి. చేతికి తడి ఎందుకు? నీటి పొర అడ్డుండి జిగురు అరచేతికి పట్టదు.

మీరే పరీక్షించండి

మూడు ముద్దలు చేయండి. మొదటిది పాత బియ్యం వండి గంజి వార్చిన అన్నంతో, రెండవది పాత బియ్యం అత్తెసరుతో, మూడవది కొత్త బియ్యం అత్తెసరుతో. మూడూ ఒకే బరువు ఉండాలి. ఒక్కొక్కదాన్ని జానెడు ఎత్తు నుండి పళ్ళెంలోకి వదిలి, ఊడిన గింజలను లెక్కించండి. ఒకటీ రెండూ పోల్చితే గంజి ప్రభావం, రెండూ మూడూ పోల్చితే బియ్యం వయసు ప్రభావం తెలుస్తుంది. ఒకేసారి రెండు సంగతులు మార్చితే కారణం ఏదో తేలదు. చల్లారిన గంజిలో బడి ప్రయోగశాలలోని అయోడిన్ ద్రావణం ఒక చుక్క వేస్తే ముదురు నీలం రంగు వస్తుంది. అది అమైలోజ్ గుర్తు. అయోడిన్ వేసినది మాత్రం తినకూడదు సుమా!

ఒక హెచ్చరిక

ఈ ముద్దలను బడి డబ్బాలో పెట్టుకొని వెళ్ళవచ్చా? మన వేడి వాతావరణంలో వద్దు. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా నేలలోనూ, ధాన్యం మీదా ఉంటుంది. దాని సిద్ధబీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి పెరుగుతాయి. అప్పుడు తయారయ్యే ఒక విషపదార్థం వాంతులు కలిగిస్తుంది. తిరిగి వేడిచేసినా అది పోదు.

మధ్యలో పుల్లని ఉసిరికాయ ఉంది కదా అంటారేమో! ఆ పులుపు చుట్టూ ఉన్న అన్నానికంతా పట్టదు. పులిహోరలో చింతపండు పులుసు ప్రతి గింజకూ పడుతుంది. జపాను వారు సుషీ అన్నంలో వెనిగర్ కలిపేదీ అలాగే. పులుపు బాగా పట్టిన అన్నంలో బాక్టీరియా పెరగడం కష్టం. అందుకే మన పెద్దలు ప్రయాణానికి పులిహోర కట్టి ఇచ్చేవారు.

కనుక ఒనిగిరిని ఇంట్లో చేసుకొని వెంటనే తినండి. బడికి పులిహోర పట్టుకెళ్ళండి. ఇక మీ మూడు ముద్దల నుండి ఎన్నెన్ని గింజలు ఊడాయో నోటుపుస్తకంలో పట్టిక గీసి రాసుకోండి. మీ పక్కింటి వారి బియ్యంతోనూ చేసి, ఆ పట్టికతో పోల్చి చూడండి.