కుక్క మెడలో గడ్డలు: రెండవ వైద్యుని అభిప్రాయము
పెంపుడు కుక్క దవడ క్రింది గడ్డలను తడిమి చూచి వైద్యుడు "క్యాన్సరు కావచ్చును" అన్నంతనే ఆశ వదలుకొనరాదు. తరచుగా అవి వాచిన శోషరస గ్రంథులే. లింఫోమా అను క్యాన్సరులో వాచునట్లే, పిడుదుల వలన వచ్చు ఎర్లికియా వ్యాధిలోను అవి వాచును. 1935లో అల్జీరియాలో కుక్కలయందు గుర్తింపబడిన ఈ వ్యాధికి డాక్సీసైక్లిన్ మందును సాధారణముగా నాలుగు వారములు ఇత్తురు.

చేతి స్పర్శతో ఈ రెంటిని వేరుపరచలేము. సన్నని సూదితో గ్రంథినుండి తీసిన కణములను గాజుపలకపై పూసి సూక్ష్మదర్శినిలో చూడవలెను, రక్తమును పరీక్షింపవలెను. ఆ పలకలతో, ఫలితములతో మరియొక వైద్యుని సంప్రదించుట మొదటివారిని అవమానించుట కాదు.

కణములను తీయకముందే స్టెరాయిడు ఇచ్చినచో లింఫోమా గడ్డలు తాత్కాలికముగా తగ్గి, నిజము మరుగుపడవచ్చును. అట్లని వారములకొలది ఆగుటయు తగదు. లింఫోమా తరచుగా వేగముగా ముదురును.