పాత గీతలు, కొత్త రబ్బరు

టైరు పుట్టినప్పుడు నల్లగా ఉండేది కాదు. రబ్బరు చెట్టు పాలు తెల్లనివి, వాటికి జింక్ ఆక్సైడ్ కలిపేసరికి తొలినాటి టైర్లు ఇంకా తెల్లగా తేలేవి. కార్బన్ బ్లాక్ అనే మెత్తటి మసిపొడి కలిపితే రబ్బరు ఎన్నో రెట్లు మన్నుతుందని 1910ల నాటికి తయారీదార్లకు అర్థమైంది. మొదట్లో ఆ పొడిని రోడ్డుకు రాసుకునే భాగానికే కలిపి, పక్కలు తెల్లగా వదిలేసేవారు. అలా మిగిలిపోయిన తెలుపే తర్వాతి రోజుల్లో దర్జాకు గుర్తయింది. దాన్నే ఇవాళ 'వైట్‌వాల్' అంటున్నాం. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2024 చివర్లో తెచ్చిన గోవన్ క్లాసిక్ 350 షోరూమ్ నుంచే ఈ తెల్లంచు టైర్లతో వస్తోంది.

విడిగా కొంటే కొన్ని తెల్లంచు టైర్ల మీద నీలం పూత కనిపిస్తుంది. చూసి కంగారు పడనక్కర్లేదు. గోడౌన్లో టైర్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నప్పుడు నల్ల రబ్బరులోని రసాయనాలు తెలుపులోకి ఇంకి పసుపు మరకలు పడతాయి. ఆ పూత వేసేది అందుకే. బండికి ఎక్కించగానే, ఇంకా రోడ్డు మీదికి తీయకముందే, సబ్బునీళ్లతో మెత్తటి బ్రష్ పెట్టి కడిగేయాలి. ఎండలో వదిలేస్తే అది బిగుసుకుపోయి ఒక పట్టాన వదలదు. పెట్రోలు, థిన్నర్ జోలికి మాత్రం వెళ్లొద్దు.

పాత రూపు కోరుకునేవాళ్లు ముందు టైరు బొమ్మలు చూస్తారు. ముందు చూడాల్సింది రిమ్ము. 18, 19 అంగుళాల చక్రాలైతే పాత గీతల టైర్లు ఎన్నో రకాలు దొరుకుతాయి. 17 అంగుళాల వెడల్పాటి రిమ్ముల మీద కూర్చునే 180/55 లాంటి పొట్టి గోడల టైర్లలో ఆ అందం వెతికినా పెద్దగా దొరకదు. పాత టైరుకు ఎత్తైన పక్కగోడే సగం రూపు.

అంకెల సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. పాత బుల్లెట్‌కు ముందూ వెనకా 3.25-19. అంటే వెడల్పు మూడుంబావు అంగుళాలు, రిమ్ము వ్యాసం 19 అంగుళాలు. ఇప్పటి క్లాసిక్ 350 ముందు టైరు 100/90-19. వెడల్పు 100 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు ఆ వెడల్పులో 90 శాతం. కొలతల మార్పిడి పట్టిక తీస్తే 3.25, 3.50 రెండింటి ఎదుటా ఉండేది ఈ 100/90నే. గోవన్ క్లాసిక్ వెనక టైరు 130/90-16 కూడా అలాంటిదే. హార్లీ బండ్ల వాళ్లు దాన్నే ఎంటీ90-16 అంటారు, అంతకుముందు 5.00-16 అనేవారు. లెక్క రాసే తీరు మారిందే గాని ఆకారం దాదాపు పాతదే. ఒక్క జాగ్రత్త ఉంది. నిండుగా కనిపించాలని సన్నటి రిమ్ముకు లావు టైరు వేస్తే అంచులు లోపలికి నొక్కుకుని టైరు గుండ్రం చెడుతుంది. చెయిన్‌కో మడ్‌గార్డ్‌కో రాసుకునే ప్రమాదమూ ఉంది.

ఇక గీతల సంగతి. అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ 1908లో తెచ్చిన 'నాన్ స్కిడ్' టైరుకు పూలూ గీతలూ లేవు. 'జారదు' అనే అర్థమున్న ఆ రెండు ఇంగ్లిష్ మాటలనే ఐమూలగా రబ్బరులో చెక్కారు. ఆ అక్షరాల అంచులే రోడ్డును పట్టుకునేవి. ప్రకటన, పనితనం ఒకే అచ్చులో పోసిన తెలివి అది.

అదే కంపెనీ పేరుతో వచ్చే 'డీలక్స్ ఛాంపియన్' రంపపు పళ్ల టైరు ఇవాళ మడ్‌గార్డులు కురచ చేసిన 'బాబర్' తరహా బండ్ల ఫొటోల్లో తరచూ కనిపిస్తుంది. టెన్నెస్సీలోని కోకర్ సంస్థ ఇలాంటి పాత రకాలను మళ్లీ తయారు చేసి అమ్ముతోంది. చూడ్డానికి నాకూ ఎంతో ఇష్టం. కానీ ఆ రంపపు పళ్ల టైరు నడినెత్తి చదును. మోటారు సైకిల్ మలుపు తిరిగేది ఒరిగే కదా! గుండ్రటి టైరు ఆ ఒరుగుకు నెమ్మదిగా సహకరిస్తుంది. చదును టైరు మాత్రం ఒక దశలో ఉన్నట్టుండి అంచు మీదికి పడుతుంది. మారేడుమిల్లి ఘాట్‌లో తిప్పే బండికి నేనైతే చదును టైరు వేయను.

గుండ్రటి ఒంటి మీద పాత గీతలు కావాలంటే డన్‌లప్ టీటీ100 ఉంది. 1969లో ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ పందెంలో మాల్కమ్ అప్‌హిల్ ట్రయంఫ్ బోనవిల్ మీద గంటకు 100 మైళ్లు దాటిన సగటుతో ఒక చుట్టు తిరిగాడు. మామూలుగా షాపులో అమ్మే తరహా బండి అక్కడ ఆ వేగం అందుకోవడం అదే మొదలు. అప్పుడు ఆయన చక్రాలకున్న కే81 టైరుకు డన్‌లప్ 'టీటీ100' అని పేరు పెట్టింది.

ముందు చక్రానికి నిలువు గీతల టైరు, వెనక బటన్ టైరు అనేది పాత ఇంగ్లిష్ బండ్ల జోడీ. ఏవన్ కంపెనీ 'స్పీడ్‌మాస్టర్' ముందు, 'సేఫ్టీ మైలేజ్' వెనక. ముందు చక్రం పని దారి పట్టడం, అందుకు నిలువు గీతలు నప్పుతాయి. వెనక చక్రం పని తోయడం, అందుకు అడ్డంగా తెగిన దిమ్మెలు. కాంక్రీటు రోడ్డు మీద పొడవునా గాడులు ఉన్నచోట మాత్రం ఆ నిలువు గీతలు గాడినే పట్టుకుని హ్యాండిల్‌ను అటూ ఇటూ లాగుతుంటాయి.

ముందూ వెనకా రెండింటికీ పనికొచ్చే యూనివర్సల్ టైర్లు కొన్నింటి మీద బాణం గుర్తులు రెండు, ఎదురెదురు దిక్కుల్లో ఉంటాయి. బ్రేకు వేస్తే ఆ బలం ముందు టైరును ఒక దిక్కుకు లాగుతుంది, ఎక్సిలేటర్ తిప్పితే ఇంజను బలం వెనక టైరును దానికి ఎదురు దిక్కున లాగుతుంది. అందుకే ఒకే టైరును ఏ చక్రానికి వేస్తున్నామన్నదాన్ని బట్టి తిప్పి ఎక్కించాలి. పంక్చర్ షాపులో పక్కనే నిలబడి చూసుకోవాల్సిన సంగతి ఇది.

టైరు మీద 'ట్యూబ్‌లెస్' అని ఉన్నంత మాత్రాన ట్యూబు మానేయొచ్చనుకోవద్దు. మామూలు స్పోకుల రిమ్ముకు స్పోకు స్పోకుకూ ఒక రంధ్రం. గాలి అక్కడి నుంచే పోతుంది. గోవన్ క్లాసిక్‌లో ఉన్నట్టు ట్యూబ్‌లెస్‌కని ప్రత్యేకంగా చేసిన స్పోకు చక్రమైతే వేరే మాట.

కొలత తర్వాత ఉండే '57పీ' లాంటి చిన్న గుర్తును ఎవరూ పట్టించుకోరు. 57 అంటే ఆ టైరు మోయగలిగేది 230 కిలోలు. పీ అంటే దాని గరిష్ఠ వేగం గంటకు 150 కిలోమీటర్లు. హెచ్ అయితే 210. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 నిక్షేపంగా 160 దాటుతుంది, దానికి పీ టైరు చాలదు. గీతలు ఎంత నచ్చినా బండి మాన్యువల్లో ఉన్న అంకెకు, అక్షరానికి తగ్గకూడదు.

మన దేశంలో 2009 నాటి ఉత్తర్వు ప్రకారం టైరు మీద ఐఎస్‌ఐ ముద్ర ఉండి తీరాలి. విదేశీ టైరు తెప్పించుకునే ముందు ఇది గుర్తుంచుకోండి. నిబంధనల ప్రకారం టూవీలర్ టైరు గాడి లోతు 0.8 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు.

విదేశీ మాట వచ్చింది కాబట్టి చెప్పాలి, సియట్ పేరు వింటే మొదటి నుంచీ మన కంపెనీయే అనిపిస్తుంది. కానీ అది 1924లో ఇటలీలోని ట్యూరిన్‌లో పుట్టింది. ఎంఆర్ఎఫ్ 1946లో మద్రాసులో బొమ్మ బెలూన్లతో మొదలైంది, ఇప్పుడు మన సదాశివపేటలోనూ దానికి టైర్ల ఫ్యాక్టరీ ఉంది.

ఏ కంపెనీ టైరైనా కొనేముందు పక్కగోడ మీద నాలుగంకెల ముద్ర ఒకటి వెతకండి. '3224' అని ఉంటే ఆ టైరు 2024లో 32వ వారంలో తయారైనట్టు. పాత రకం టైర్లు తక్కువగా అమ్ముడుపోతాయి కాబట్టి షాపులో ఏళ్ల తరబడి మూలన ఉండే అవకాశం ఎక్కువ, వాడకపోయినా రబ్బరు గట్టిపడుతూనే ఉంటుంది. డబ్బులు ఇవ్వకముందే ఆ ముద్ర చూపించమనండి. కొత్త టైరు ఎక్కించాక మొదటి నూటయాభై కిలోమీటర్లూ మలుపుల్లో బండిని ఎక్కువ ఒరగనివ్వకండి, పైనున్న నున్నటి పొర అరిగాకే అది రోడ్డును సరిగా పట్టుకుంటుంది.