వగరు వైన్‌కు విస్తట్లో జోడీ ఏది?

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా నడుచుకుంటూ వెళ్లండి. ఎక్కడో ఒకచోట ‘వైన్స్’ అన్న బోర్డు కనిపించకపోదు. లోపలికి తొంగిచూస్తే మాత్రం విస్కీ, బ్రాందీ, బీరు సీసాలే బారులు తీరి ఉంటాయి. అసలు వైన్ ఉంటే గింటే ఏ మూల అరలోనో! మన వాడుకలో ‘వైన్స్’ అంటే మద్యం దుకాణం అయిపోయింది కానీ, వైన్ అంటే నిజానికి పులిసిన ద్రాక్షరసం.

విదేశాల నుంచి వచ్చిన చుట్టాల సూట్‌కేసులోనో, పెద్ద హోటల్ మెనూలోనో ‘సూపర్ టస్కన్’ అన్న పేరు కనిపించిందనుకోండి. ధర చూస్తే గుండె గుభేల్‌మంటుంది. అంత ఖరీదైనదాన్ని ఘాటైన గోంగూర మాంసంతో తాగితే... బూడిదలో పోసిన పన్నీరే!

పేరు వదులుకుని పేరు తెచ్చుకుంది

ఇటలీలోని టస్కనీ ప్రాంతం కియాంటి వైన్‌కు పెట్టింది పేరు. సాంజొవేజె అనే నల్లద్రాక్ష అందులో ముఖ్యం. 1967లో వచ్చిన నిబంధనల ప్రకారం దానికి కనీసం 10 శాతం తెల్లద్రాక్ష కలిపి తీరాలి. రుచి పల్చబడుతోందని కొందరు తయారీదార్లకు ఇది నచ్చలేదు. ఆంటినోరి కుటుంబం ‘టిన్యానెల్లో’ అనే తన వైన్‌కు 1971 పంట నుంచి కియాంటి అన్న పేరునే వదిలేసుకుంది. 1975కల్లా తెల్లద్రాక్షను పూర్తిగా మానేసి, ఫ్రాన్సుకు చెందిన కాబర్నే సావిన్యో రకాన్ని చేర్చింది. నిబంధనలకు లొంగలేదు కాబట్టి సీసా మీద ‘టేబుల్ వైన్’ అనే రాసుకోవాలి. హోదా అట్టడుగున, ధర ఆకాశంలో! ఇలాంటి మిశ్రమాలకు వచ్చిన ముద్దుపేరే సూపర్ టస్కన్. చివరికి 1992లో ఇటలీ చట్టం మార్చి, వీటికీ చోటు దక్కేలా ‘ఐజీటీ’ అనే కొత్త తరగతిని తెచ్చింది.

ఆరు రుచుల్లో ఒకటి

ఈ వైన్ గుట్టంతా మన షడ్రుచుల్లో ఒకటైన వగరులో ఉంది. ద్రాక్ష తొక్క, గింజల్లో ఉండే టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుంటాయి. నేరేడుపండు తిన్నప్పుడు, వక్క నమిలినప్పుడు నాలుక పిడచకట్టుకుపోతుందే... అలాగన్నమాట. దానికి మాంసం, కొవ్వు తోడైతే వగరు మెత్తబడుతుంది. టస్కనీలో బొగ్గుల మీద కాల్చిన మాంసంతోనూ, నిలవ చీజ్‌తోనూ తాగేది అందుకే.

మరి మన దగ్గర? రాతిపలక మీద కాల్చే పత్థర్ కా గోష్త్, కారం తగ్గించిన మటన్ కబాబ్‌లు దీనికి చక్కటి జోడీ. శాకాహారులకు పుట్టగొడుగుల వేపుడు, చీజ్ దట్టించిన పిజ్జా, టమాటా సాస్ పాస్తా బాగుంటాయి. బిర్యానీ అంటారా? మిర్చీ కా సాలన్‌ను పక్కనపెడితే పర్వాలేదు.

అమీర్‌పేట కర్రీ పాయింట్ల కోడి వేపుడుతో మాత్రం వద్దు. ఈ వైన్లలో ఆల్కహాల్ దాదాపు 14 శాతం. అది మిరపకాయ మంటను ఇంకా రాజేస్తుంది. గోంగూర పులుపు ముందు వైన్ చప్పబడుతుంది. ఖుబానీ కా మీఠా లాంటి తీపి తింటూ తాగితే చేదెక్కుతుంది.

రెడ్‌వైన్‌ను ‘గది ఉష్ణోగ్రత’లో ఇవ్వాలంటారు. అది మన మే నెల గది కాదు! 16 నుంచి 18 డిగ్రీలు ఉండాలి. ఎండాకాలంలో అయితే ఓ అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయడమే మేలు.

ముట్టకపోతే నష్టమా?

ఏమీ లేదు. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. పెద్దలకైనా ఏ కొంచెమూ సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చిచెప్పింది. ‘గుండెకు మంచిదట’ అన్న మాటతో మొదలుపెట్టాల్సిన పనిలేదు. తాగే అలవాటున్నవారు కూడా గుర్తుంచుకోవాలి... 750 మిల్లీలీటర్ల సీసా అంటే అయిదు గ్లాసులు. అది ఒక్కరి కోసం కాదు, బల్ల చుట్టూ కూర్చున్న అయిదుగురి కోసం.

వగరుకు జోడీ కుదరడం ఎలా ఉంటుందో చూడాలంటే ఇటలీ దాకా అక్కర్లేదు. మరిగి మరిగి వగరెక్కిన డికాక్షన్‌ను చిక్కటి పాలు లొంగదీసే ఇరానీ చాయ్ ఉందిగా!