ఉక్కు పట్టులో గాజు

ఎనామెల్ పళ్ళెం చేయి జారి కింద పడితే చాలాసార్లు అంచు దగ్గరే పెచ్చు ఊడుతుంది. ఊడిన చోట నల్లటి మచ్చ తేలుతుంది, నాలుగు రోజులకు తుప్పు మొదలవుతుంది. నడిమి భాగం మాత్రం ఎన్నేళ్ళు తోమినా నున్నగానే ఉంటుంది. ఊళ్ళకు తాగునీటినీ, కార్ఖానాల మురుగునూ నిలవచేసే గాజుపూత ఉక్కు ట్యాంకుల కథంతా ఆ పళ్ళెంలోనే ఉంది. గాజు తనంతట తాను గట్టిది కనుక ఈ ట్యాంకు మన్నుతుందని చాలామంది అనుకుంటారు. అది సగం నిజమే. ఉక్కు ఆ గాజును అన్ని వైపుల నుంచీ నొక్కి పట్టి ఉంచుతుంది కనుక మన్నుతుంది. ఆ పట్టు ఎక్కడ సడలుతుందో, ట్యాంకు ఆయుష్షు అక్కడే తేలుతుంది.

తయారీని దగ్గరగా చూస్తే ఈ మాట అర్థమవుతుంది. రేకును కొలతకు కోసి, బోల్టు రంధ్రాలన్నీ ముందే వేసి, ఉక్కు రజను వేగంగా కొట్టి ఉపరితలాన్ని గరుకు చేస్తారు. ఫ్రిట్ అనే గాజు పొడినీ బంకమట్టినీ నీళ్ళలో కలిపి, ఆ చిక్కటి ద్రవాన్ని రేకు మీద చల్లి, ఆరబెట్టి, 800 డిగ్రీల సెల్సియస్ దాటిన కొలిమిలో కాలుస్తారు. కరిగిన గాజు ఇనుము ఆక్సైడ్‌ను తనలో కలుపుకుని ఉక్కు గరుకులోకి వేళ్ళు దించుతుంది. కొద్దిగా చేర్చిన కోబాల్ట్, నికెల్ ఆక్సైడ్‌లు ఆ పట్టును బిగిస్తాయి. ఇలాంటి ట్యాంకుల్లో ముదురు నీలం అంతగా కనిపించడానికి మూలం అందం కోసం కలిపిన రంగు కాదు, అంటుకోవడం కోసం కలిపిన కోబాల్ట్. చల్లారేటప్పుడు అసలు సంగతి జరుగుతుంది. సుమారు 500 డిగ్రీల దగ్గర గాజు గట్టిపడుతుంది. అక్కడి నుంచి గది వేడికి వచ్చేలోపు మీటరు పొడవు ఉక్కు 6 మిల్లీమీటర్లకు పైగా కుంచించుకుపోతుంది. గాజు కూర్పును ఎంచుకునేదే అది కాస్త తక్కువ ముడుచుకునేలా. అందువల్ల ఉక్కు తనతోపాటు గాజును లోపలికి లాగి బిగిస్తుంది. గాజు లాగితే పగులుతుంది, నొక్కితే ఓర్చుకుంటుంది. నీటి బరువుకు ట్యాంకు గోడ సాగినప్పుడు ముందు ఆ నొక్కుడు తగ్గాలి, ఆ తర్వాతే గాజు మీద లాగుడు పడాలి. అర మిల్లీమీటరు మందం కూడా ఉండని పూతకు ఇదే కవచం.

ఈ విద్య మొదట బీరు తొట్లలో పెరిగింది. అమెరికాలో రాచెస్టర్ నగరంలో 1884లో పుట్టిన ఫాడ్లర్ కంపెనీ అక్కడి నుంచే మొదలైంది. ఈనాడు హైదరాబాదు మందుల పరిశ్రమలో ఎవరినడిగినా చెప్పే గ్లాస్‌లైన్డ్ రియాక్టర్ ఆ వంశానిదే. మిల్వాకీలోని ఏ.ఓ.స్మిత్ కంపెనీ 1936లో గాజుపూత గీజరుకు పేటెంటు పొందింది. కానీ వీటన్నిటికీ ఒక హద్దు ఉంది. పాత్రను ఒకే ముక్కగా కాల్చాలి కనుక కొలిమి ఎంతో పాత్ర అంతే. ఆ హద్దును దాటించింది బోల్టు. 1949లో అదే కంపెనీ హార్వెస్టోర్ పేరుతో పాడి రైతుల కోసం నీలి సైలోను తెచ్చింది. రేకులను విడివిడిగా కాల్చి, పొలంలో బిగించడమే దాని కిటుకు. పశువుల మేతకు గాలి తగలకుండా ఉంచడం దాని పని.

ఆ సైలోలే ఈ ఆలోచన విఫలమైందనడానికి సాక్ష్యం కదా అని అడగవచ్చు. వాటి ధర ఎక్కువ. 1980లలో అమెరికా రైతులు అప్పుల్లో మునిగినప్పుడు అవి చాలాచోట్ల మోయలేని బరువయ్యాయి. నిజమే, కానీ అక్కడ చేదెక్కింది మేత నిలవ చేసే పద్ధతి లెక్క, గాజు కాదు. పాత సైలోల రేకులను విప్పి, వేరేచోట పేడనీళ్ళ ట్యాంకులుగా మళ్ళీ బిగించుకున్నారు. పూత చెడి ఉంటే ఆ పని సాధ్యమయ్యేది కాదు. తాగునీటికీ మురుగునీటికీ ఈ ట్యాంకు మళ్ళింది ఆ బలంతోనే.

కాంక్రీటు ఉండగా ఇంత ఖర్చెందుకన్నది రెండో ప్రశ్న. మామూలు తాగునీటికి కాంక్రీటు మంచిదే, మన మేస్త్రీలకు చేయి తిరిగినదే. మురుగు సంగతి వేరు. అందులోంచి లేచే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను తడిగోడ మీది బ్యాక్టీరియా గంధకామ్లంగా మారుస్తుంది. నీటిమట్టానికి పైనున్న కాంక్రీటును అది తినేస్తుంది. గాజు దానికి లొంగదు. అలాగని గాజు అన్నిటినీ తట్టుకోదు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం దాన్ని కరిగిస్తుంది, వేడిగా ఉన్న గాఢ క్షారం మెల్లగా కొరుకుతుంది. ఏ ద్రవం పోస్తామో తెలిశాకే ఎంపిక చేయాలి.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం అతుకుల గురించి. రేకు కోసిన అంచు మీద కరిగిన గాజు పలచబడుతుంది. పదునైన ఒంపు మీద, మామూలుగా కాపాడే నొక్కుడే గాజును బయటికి తోస్తుంది. పళ్ళెం అంచున పెచ్చు ఊడడానికి కారణం ఇదే. అంటే ట్యాంకును కొలిమి కన్నా పెద్దది చేసిన బోల్టే, దానికి వందలాది అంచులను అంటగట్టింది. ఇంజినీర్లకు ఇది తెలుసు. అంచులను గుండ్రం చేస్తారు, కీళ్ళలో సీలెంట్ నింపుతారు, గీజరులో మెగ్నీషియం కడ్డీ లాగే ఇక్కడా తుప్పును తన మీదకు తీసుకునే లోహాన్ని అమరుస్తారు. కార్ఖానాలో రేకు మీద వెయ్యి వోల్టులకు పైబడిన కరెంటుతో తడిమి చూస్తారు. కంటికి ఆనని సూదిబెజ్జం ఉన్నా అక్కడ నిప్పురవ్వ లేస్తుంది. కట్టేటప్పుడు పై వరుసను నేల మీదే బిగించి, జాకీలతో ఎత్తి, కింద మరో వరుస చేరుస్తారు. కనుక ప్రతి బోల్టూ మనిషి చేతికి అందే ఎత్తులోనే బిగుస్తుంది. అయితే ఈ జాగ్రత్తలన్నీ ట్యాంకు నిలబెట్టిన రోజు వరకే. తర్వాత ఎవరో ఒక పైపు కోసం డ్రిల్లుతో కొత్త రంధ్రం వేస్తే, అక్కడ గాజు ఉండదు, కొలిమి మళ్ళీ రాదు. అందుకే ఇలాంటి ట్యాంకు కొనే పంచాయతీ అయినా పరిశ్రమ అయినా పూతకు ఎన్నేళ్ళ హామీ అని అడిగి ఊరుకోకూడదు. కీళ్ళను ఎవరు చూస్తారు, ఎన్నాళ్ళకోసారి చూస్తారు, కరిగిపోయిన కడ్డీని ఎవరు మారుస్తారు అన్నది ఒప్పందంలో రాయించుకోవాలి. నడిమి గాజును ఉక్కు చూసుకుంటుంది. అంచులను మనమే చూసుకోవాలి.