ఎండయు, వృథాపోవు వేడిమియు

బెల్లము వండునపుడు పొగగొట్టము వెంట ఎంత వేడిమి ఆకాశము పాలగుచున్నదో మన సభ్యు లెరుగుదురు. విద్యుత్తు యంత్రశాలలలోను నిదియే కొరత. ఈజిప్టులోని కురైమాతువద్ద 2011 లో పూర్తియైన యంత్రశాలలో దీనికొక యుపాయము పన్నిరి. సహజవాయువు మండి మొదటి యంత్రమును త్రిప్పిన పిదప వెడలు వేడిపొగ బాయిలరులోని నీటిని ఆవిరి చేయును. పగటివేళ దోనెలవలె వంచిన యద్దములు ఎండను గొట్టములపై గుమిగూర్చి, వానిలోని నూనెను కాచి, మరికొంత యావిరిని చేకూర్చును. రెంటికిని ఆవిరిచక్ర మొక్కటే. ప్రొద్దు గ్రుంకినను అది యాగదు. మొత్తము 140 మెగావాట్లలో ఎండవలన వచ్చునది 20 మాత్రమే. అయినను తేలికగా చూడరాదని మా తలంపు. ఎండకొరకై వేరొక చక్రమును కొనవలసిన వ్యయము తప్పినది గదా!

1913 లోనే కైరో చెంత మాదియందు ఫ్రాంక్ షూమన్ ఇట్టి యద్దములతో నైలునది నీటిని పొలములకు తోడించి చూపెను. మరుసటి యేట యుద్ధము రాగా ఆ పని నిలిచిపోయెను.

మన పొగగొట్టము మొదట రెండవ పెనము నుంచి రసమును ముందుగా కాచుటకు అద్దములతో పనిలేదు. ఈ యేటి చెరకునకే చేసి చూడవచ్చును.