జపాన్‌లోనూ ‘పోయొస్త’ అనే అంటరు!

‘బస్సు’ అన్నందుకు ఒకసారి క్లాసంతా నన్ను చూసి నవ్వింది.

ఇంటర్ అయిపోయిన ఎండాకాలం. హైదరాబాద్‌లో ఒక స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్‌లో చేరాను. ఎట్లా వచ్చావని అడిగితే లేచి నిలబడి ‘ఐ కేమ్ బై బస్సు’ అన్నాను. ‘బస్సు కాదమ్మా, బస్. చివర ఆ ఉకారం మీ ఊళ్లోనే వదిలేసి రావాలి’ అన్నాడు సారు. అంతే. కోర్సు అయిపోయేదాకా నేను ఆ క్లాసులో మళ్లీ నోరు తెరవలేదు.

రెండున్నరేళ్లకు ఒసాకాలో ఒక బస్టాప్ దగ్గర నిలబడి, ఈ బస్సు స్టేషన్‌కు పోతుందా అని ఓ పెద్దావిడను జపనీస్‌లో అడిగాను. జపాన్‌వాళ్లు బస్సును ‘బసు’ అంటారు. హోటల్‌ను ‘హోతెరు’, గ్లాసును ‘గురసు’, కార్డును ‘కాదొ’ అంటారు. వాళ్ల మాట చివర ఒక్క ‘న్’ తప్ప హల్లు నిలవదు, అచ్చు ఉండాల్సిందే. నా ఉకారాన్ని ఊళ్లో వదిలెయ్యకపోవడమే మంచిదైంది.

మాది నల్గొండ జిల్లా, చండూరు దగ్గర ఒక ఊరు. నేత ఇల్లు. పదో తరగతి దాకా సర్కారు బడి, తెలుగు మీడియం. జపనీస్ ఎందుకు తీసుకున్నావని అందరూ అడుగుతారు. అనిమే పిచ్చితో అనుకుంటారు. నిజం చెప్పాలంటే, 2022లో హైదరాబాద్ ఇఫ్లూలో సీటుకు అప్లై చేసేటప్పుడు నా లెక్క ఒక్కటే. ఇంగ్లిష్‌లో నాకంటే పదేళ్లు ముందున్నవాళ్లు కూడా జపనీస్‌లో నాతోపాటే అ ఆలు దిద్దాలి. అందరం సున్నా దగ్గరే నిలబడే భాష నాకు కావాల్సి వచ్చింది.

కానీ క్లాసులో కూర్చున్నాక తెలిసింది, సున్నా అందరికీ ఒకటే కాదని. నేను కొన్న గ్రామర్ పుస్తకాల్లో వివరణ మొత్తం ఇంగ్లిష్‌లోనే. ముందు ఇంగ్లిష్ వాక్యం అర్థం చేసుకోవాలి, దాన్ని తలకిందులు చేసి జపనీస్‌లో పెట్టాలి. రెండేళ్లు ఇట్లనే గుద్దుకుంటూ నడిచాను. మార్కులు వచ్చాయి గానీ మాట రాలేదు.

మూడో ఏడాదిలో జపాన్ ప్రభుత్వం ఇచ్చే మెక్స్‌ట్ స్కాలర్‌షిప్ వచ్చింది. అందులో ‘జపనీస్ స్టడీస్’ అని ఒక విభాగం ఉంటుంది. డిగ్రీలో జపనీస్ చదువుతున్నవాళ్లను ఏడాదిపాటు అక్కడి యూనివర్సిటీకి పంపిస్తారు. ఏడాది అయ్యాక మళ్లీ మన కాలేజీకి వచ్చి డిగ్రీ పూర్తి చెయ్యాలి. రాత పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. ఫీజు లేదు, విమానం టికెట్ వాళ్లదే. నాకు నెలకు 1,17,000 యెన్‌లు ఇచ్చారు. అప్పటి మన లెక్కలో దాదాపు 65 వేల రూపాయలు. మా నాయన ఆ అంకె విని, ‘నీకు చదువు చెప్పి పైసలు గూడ ఆళ్లే ఇస్తరా?’ అని మూడుసార్లు అడిగిండు. డిగ్రీలో జపనీస్ తీసుకున్న మన పిల్లల్లో చాలామందికి దీని పేరే తెలియదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

2024 అక్టోబర్‌లో ఒసాకా యూనివర్సిటీకి పోయాను. విదేశీ విద్యార్థులకు జపనీస్ భాష, సంస్కృతి నేర్పే సెంటర్ మినో అనే ఊళ్లో ఉంది. అంతకు ఆర్నెల్ల ముందే, మార్చిలో, మెట్రో లైనును అక్కడిదాకా పొడిగించారు. మినోలో 33 మీటర్ల జలపాతం ఉంది. దానికి పోయే దారి పొడుగునా మేపుల్ ఆకులను ఉప్పులో ఏడాది ఊరబెట్టి, తియ్యటి పిండిలో ముంచి, నువ్వులు వేసి నూనెలో కాల్చి అమ్ముతారు. ఆకు రుచేమీ తెలియదు. తియ్యటి సకినం తిన్నట్టుంటుంది.

అసలు సంగతి హాస్టల్ గేటు దగ్గర జరిగింది. అక్కడ కాపలా చూసుకునే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. పొద్దున బయటికి పోయే ప్రతి పిల్లా ‘ఇత్తె కిమాసు’ అనేది. ఆయన ‘ఇత్తెరష్షాయ్’ అనేవాడు. ఈ మాటలు నాకు కొత్త కాదు. నా పుస్తకంలో ‘ఇత్తె కిమాసు’ పక్కన, ‘నేను బయల్దేరుతున్నాను’ అని అర్థం వచ్చే ఇంగ్లిష్ వాక్యం ఉంది. అట్లనే బట్టీ పట్టాను. మూడో రోజో నాలుగో రోజో, గేటు దాటుతూ నేనూ ఆ మాట అన్నాను. రెండడుగులు వేసి ఆగిపోయాను.

ఇత్తె అంటే పోయి. కిమాసు అంటే వస్తాను.

పోయొస్త!

మా నాయనమ్మ ముందు ‘పోత’ అని ఎవరన్నా అంటే ఊరుకోదు. ‘పోత ఏంది బిడ్డా, పోయొస్త అనాలె’ అని కసురుతుంది. ఆమె కసిరినట్టే ఇక్కడి తల్లులూ పిల్లలకు నేర్పుతున్నారు. పెద్దాయన జవాబు ఏంటో తెలుసా? అచ్చంగా ‘పోయి రా’. రెండేళ్లు ఈ మాటను ఇంగ్లిష్‌లో చదివి, అందులో మా ఇంటి గడప ఉన్నదని గుర్తుపట్టలేకపోయాను.

ఆ రాత్రి ఒక నోట్‌బుక్ తీసి పేజీని రెండు భాగాలు చేశాను. ఎడమ తెలుగు, కుడి జపనీస్. ఇంగ్లిష్‌కు గడి లేదు.

రాస్తూ పోతే నిద్ర పట్టలేదు. ‘తిని చూడు’ అంటాం కదా. కంటితో చూడమని కాదు, రుచి చూడమని. జపనీస్‌లో ‘తబెతె మిరు’. తబెతె అంటే తిని, మిరు అంటే చూడటం. ‘రాసి పెట్టు’ అంటే ‘కైతె ఒకు’. ఒకు అంటే పెట్టడమే. ‘వస్తానని చెప్పాడు’ అన్నప్పుడు మన ‘అని’ ఎక్కడ కూర్చుంటుందో, ‘కురు తొ ఇత్త’లో వాళ్ల ‘తొ’ అక్కడే కూర్చుంటుంది. లేచి, ముఖం కడుక్కుని, చాయ్ తాగి, కాలేజీకి పోయిన అని ఒకదాని వెనక ఒకటి కలుపుకుంటూ పోతాం చూడండి, అది అట్లనే దిగుతుంది. ‘నేను నిన్న కొన్న పుస్తకం’ అనే మాటకు ఇంగ్లిష్‌లో వాక్యాన్ని వెనక్కి తిప్పాలి. జపనీస్‌లో తిప్పే పని లేదు. మూడు పుస్తకాలు అంటాం, మూడు పిల్లలు అనం, ముగ్గురు అంటాం. మనుషులకు వేరే లెక్క వాళ్లకూ ఉంది. హితొరి, ఫుతరి అంటే ఒక్కరు, ఇద్దరు. వణికితే మనకు గజగజ, వాళ్లకు గతగత. మెరిస్తే మనకు తళతళ, వాళ్లకు పికపిక.

రెండూ అక్కాచెల్లెళ్ల భాషలని నేను అనడం లేదు. సుసుము ఒనో అనే జపాన్ పండితుడు జపనీస్‌కూ తమిళానికీ చుట్టరికం ఉందని ఏళ్ల తరబడి వాదించాడు. భాషా శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. చుట్టరికం లేకపోతే ఏం, వాక్యం కట్టే తీరు ఒకటైతే నాలాంటిదానికి చాలు.

తెలుగును నమ్ముకుని బోర్లా పడిన సందర్భాలూ ఉన్నాయి. సెన్సేతో, అంటే టీచరుతో, ‘మీరు’ అనబోయి ‘అనతా’ అన్నాను. నిఘంటువులో అదే ఉంది మరి. ఆమె కనుబొమలు పైకి లేచాయి. పెద్దవాళ్లను అట్లా అనకూడదు, పేరు చివర ‘సెన్సే’ అని పిలవాలి. ఇంకోసారి మా నాయన గురించి చెబుతూ గౌరవంగా ఉండాలని పెద్ద పెద్ద క్రియలు వాడాను. మనం బయటివాళ్ల ముందు మా నాన్నగారు వచ్చారు అంటాం. అక్కడ తల్లకిందులు. బయటివాళ్ల ముందు సొంత ఇంటివాళ్లను తగ్గించి చెప్పాలి. ఇక కంజీ దగ్గర తెలుగు ఏ సాయమూ చెయ్యదు. రోజువారీ వాడకానికని ప్రభుత్వం నిర్ణయించిన లిపి గుర్తులే 2,136. కూర్చుని దిద్దడమే.

బయట వినిపించే భాష క్లాసు భాష కాదని వారంలోనే అర్థమైంది. పుస్తకంలో ‘నిజంగా’ అంటే ‘హొంతో’, ఒసాకాలో ‘హొమ్మ’. తెలియదు అనడానికి పుస్తకంలో ‘వకరనై’, ఇక్కడ ‘వకరహెన్’. ధర అడగాలంటే ‘ఇకుర’ కాదు, ‘నంబొ’. మొదట భయమేసింది. తర్వాత ఆశ్చర్యం వేసింది. ఎవరూ సిగ్గుపడటం లేదు! టీవీలో జంటగా నిలబడి జోకులు పేల్చే మన్‌జాయ్ కామెడీకి అసలు ఊపు ఈ యాసే. నా ట్యూటర్‌గా ఉన్న అమ్మాయి పుట్టి పెరిగింది ఒసాకాలో. టోక్యోలో ఉద్యోగం ఇంటర్వ్యూకు పోతే ఎట్లా మాట్లాడతావని అడిగాను. ‘ఇంటర్వ్యూలో వాళ్ల భాష, గది దాటినంక నా భాష’ అంది. అంత తేలిగ్గా.

జపాన్ అంతటా ఇట్లా ఉందనుకోకండి. భాషా చరిత్ర క్లాసులో ఒకినావా గురించి చెప్పారు. గత శతాబ్దం మొదట్లో అక్కడి బడుల్లో సొంత మాట మాట్లాడిన పిల్లల మెడలో ‘హోగెన్ ఫుద’ అనే చెక్క బిళ్ల వేసేవాళ్లు. యాస బిళ్ల అన్నమాట. ఇంకో పిల్లవాడు నోరు జారి దొరికేదాకా అది మెడలోనే ఉండాలి. అది విన్నాక నాకు ఆ రోజు క్లాసులో ఇంకేమీ ఎక్కలేదు. నా మెడలో ఎవరూ బిళ్ల వెయ్యలేదు, నవ్వారంతే. కానీ హైదరాబాద్ వచ్చిన కొత్తలో, అమ్మ ఫోన్ చేస్తే హాస్టల్ వరండా చివరికి పోయి మాట్లాడేదాన్ని. ‘తిన్నవా, పండినవా’ అనే మాటలు ఎవరికీ వినపడకూడదని. ‘బలగం’ వచ్చాక అదే యాసకు థియేటర్లో జనం ఏడ్చారు. నేను మాత్రం వరండా చివరనే ఉన్నాను.

కోర్సు చివర ఒక పరిశోధన వ్యాసం రాయాలి. నేను అనిమే మీద ఏదో టాపిక్ ఇచ్చాను. సెన్సే కాగితం చూడలేదు, నా చున్నీ చూసింది. ‘ఇది కసురి కదా?’ అంది. మా అమ్మ పెట్టెలో పెట్టి పంపిన పోచంపల్లి చున్నీ అది.

నూలుకు ముందే ముడులు కట్టి, రంగులో ముంచి, తర్వాత మగ్గం మీద నేసి డిజైన్ తెచ్చే పద్ధతిని జపాన్‌లో కసురి అంటారు. కురుమె అనే ఊళ్లో 1788లో పుట్టిన ఇనోవె దెన్ అనే అమ్మాయి, పన్నెండేళ్ల వయసులో, పాత బట్ట మీద రంగు వెలిసిన మచ్చలు చూసి దారాలు విప్పి ఈ కిటుకు కనిపెట్టిందని అక్కడ చెప్పుకుంటారు. మా ఉమ్మడి నల్గొండలో పోచంపల్లి, పుట్టపాక బతికింది ఇదే పని మీద. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో, పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో జీఐ గుర్తింపు వచ్చింది. నిలువు దారాలకూ అడ్డ దారాలకూ రెండింటికీ ముడులు కట్టి, నేసేటప్పుడు రంగు మీద రంగు కూర్చోబెట్టే కష్టమైన రకం ప్రపంచంలో ముఖ్యంగా మూడు దేశాల్లోనే ఉంది. మన దేశం, ఇండోనేషియా, జపాన్.

టాపిక్ మారిపోయింది. రాయడానికి కూర్చుంటే మాటలు కావాలి. మగ్గం పని నాకు ఇంగ్లిష్‌లో రాదు, తెలుగులోనే తెలుసు. అదీ పూర్తిగా కాదు. మనకు రాత్రి తొమ్మిదైతే అక్కడ పన్నెండున్నర. రోజూ ఆ టైముకు అమ్మకు వాట్సాప్‌లో వీడియో కాల్. ఆమె మగ్గం ముందు ఫోన్ పెట్టి చూపిస్తుంది, నేను రాసుకుంటా. పడుగు అంటే తతె ఇతొ. పేక అంటే యొకొ ఇతొ. ముడి కట్టడం కుకురు. మన చిటికి కట్టుడే. రెండింటికీ కట్టిన బట్ట పేరు ‘తతెయొకొ గసురి’ అని చెప్తే అమ్మ అర్థం అడిగింది. ‘పడుగు పేక’ అన్నాను. ‘అంతేనా? ఇంక ఏదో పెద్ద పేరనుకున్న’ అంది.

ఆ మాటల కోసం ఆమెను అడిగినప్పుడు నేను గదిలోనే కూర్చుని, గట్టిగానే మాట్లాడాను. పక్క గది వియత్నాం పిల్ల వచ్చి, ఇది ఏ భాష, పాటలా ఉందే అని అడిగింది. తెలుగు అన్నాను. కాసేపాగి, నల్గొండ తెలుగు అన్నాను.

పోయిన సెప్టెంబర్‌లో, సద్దుల బతుకమ్మకు రెండ్రోజుల ముందు ఇంటికి వచ్చాను. ఇప్పుడు ఇఫ్లూలో చివరి సంవత్సరం. ఆ రెండు గడుల నోట్‌బుక్ మూడు నోట్‌బుక్‌లైంది. జిరాక్స్ తీసి మా మేనమామ కొడుక్కిచ్చాను. ఇంటర్ చదువుతున్నాడు, ఇంగ్లిష్ అంటే వాడికీ వణుకే. పది పేజీలు చదివి ‘అక్కా, ఇది మన లెక్కనే ఉన్నది గదా’ అన్నాడు.

పండుగ అయిపోయి హైదరాబాద్ బస్సెక్కే రోజు, గడప దగ్గర నాయనమ్మకు ఆ హాస్టల్ పెద్దాయన కథంతా చెప్పాను. శ్రద్ధగా విన్నది.

‘అయితే ఆళ్లు గూడ పోత అనరన్నట్టు.’

‘అనరు నాయనమ్మా.’

‘మరి నువ్వేంది, చెప్పకుంటనే బ్యాగు ఏసుకుంటివి?’