సాఫ్ట్‌వేర్‌కి ప్రూఫ్ దిద్దేదెవరు?

పెళ్లి శుభలేఖ అచ్చు వేయించిన ఇంట్లో ఎవరినైనా అడగండి. ప్రెస్సువాళ్లు మొత్తం కాపీలు వేసే ముందు ఒక ప్రూఫ్ చేతిలో పెట్టి "ఓసారి చూసుకోండి" అంటారు. ప్రెస్సులో తప్పులు పట్టేవాళ్లు లేక కాదు. పెళ్లికూతురి మేనమామ పేరు వదిలేశారని, ఇంటిపేరులో ఒక దీర్ఘం ఎగిరిపోయిందని ఆ ఇంటివాళ్లకే తెలుస్తుంది. పబ్లిక్ బీటా కూడా ఇలాంటి ప్రూఫే. సాఫ్ట్‌వేర్ చాలావరకు తయారైంది, అమ్మడానికి ఇంకా పూర్తిగా సిద్ధం కాలేదు. ఆ దశలో కంపెనీ దాన్ని ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకునేలా బయటపెడుతుంది.

ఫోటోషాప్, లైట్‌రూమ్, డావిన్చి రిజాల్వ్, బ్లెండర్ లాంటి ప్రోగ్రాముల విషయంలో ఈ పద్ధతి బాగా కనిపిస్తుంది. ఫోటోలు, బొమ్మలు, వీడియోలు, యానిమేషన్ చేసే సాఫ్ట్‌వేర్లివి. సగం ఉడికిన సరుకుని వాళ్లు జనానికి ఎందుకు వడ్డిస్తారు? దానివల్ల వాళ్లకేం వస్తుంది, తెలుగులో డిజైన్ చేసే మనకేం వస్తుంది?

ఆఫీసులో పట్టని పరీక్ష

బ్యాంకు వడ్డీ లెక్కకట్టే ప్రోగ్రాముని పరీక్షించడం కొంత తేలిక. జవాబు సరైనదో కాదో ఇంకో ప్రోగ్రామే చెప్పేస్తుంది. బొమ్మలు వేసే ప్రోగ్రాము అలా కాదు. బ్రష్ గీత చేతిని అనుసరిస్తోందా, చర్మం రంగు సహజంగా ఉందా, టైమ్‌లైన్ జరుపుతుంటే తట్టుకుంటోందా అన్నది దాంతో రోజూ పనిచేసే మనిషే చెప్పాలి.

ఇంకో చిక్కు మెషీన్లది. ఒక చిన్న లెక్క వేద్దాం. 5 రకాల గ్రాఫిక్స్ కార్డులు, ఒక్కోదానికి 4 డ్రైవర్ వెర్షన్లు, 3 ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్లు, 4 రకాల పెన్ టాబ్లెట్లు అనుకుంటే 5×4×3×4, అంటే 240 కలయికలు. అసలు లోకంలో ఇవి ఎన్నో రెట్లుంటాయి. వీటికి మనుషుల అలవాట్లు కూడా కలపండి. నరసరావుపేటలో పెళ్లిళ్ల సీజన్లో ఒక స్టూడియో వేల ఫోటోలను ఒకేసారి ఇంపోర్ట్ చేస్తుంది. మాచర్లలో ఒక ఫ్లెక్సీ షాపు ఇరవై అడుగుల బ్యానర్‌ని 4 జీబీ ర్యామ్ ఉన్న పాత సిస్టమ్ మీద తెరుస్తుంది. కాలిఫోర్నియాలో కూర్చున్న టెస్టర్‌కి అలాంటి పరీక్ష రాయాలన్న ఊహే రాదు. ఆ కొరత తీర్చుకోవడానికే బీటాను జనంలోకి వదులుతారు.

టెస్టింగ్ ఒక్కటే కాదు

చరిత్ర చూస్తే బీటా వెనక వ్యాపార లెక్కలు కూడా తెలుస్తాయి. 2000 సెప్టెంబరు 13న ఆపిల్ మ్యాక్ ఓఎస్ టెన్ పబ్లిక్ బీటాను విడుదల చేసింది. ఊరికే ఇవ్వలేదు, 29.95 డాలర్లకు అమ్మింది! అంటే ప్రూఫ్ దిద్దేవాళ్లే ఎదురు డబ్బు కట్టారన్నమాట. అసలు వెర్షన్ 2001 మార్చి 24న వచ్చింది. కొత్త సిస్టమ్ ఎలా ఉంటుందో ముందే చూపిస్తే, ఫోటోషాప్ లాంటి ప్రోగ్రాములు తయారుచేసే కంపెనీలు తమ సరుకుని దానికి తగ్గట్టు మార్చుకోవడం మొదలుపెడతాయి. బీటాకి అదొక పెద్ద పని.

లైట్‌రూమ్ కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఫోటోగ్రాఫర్ల కోసం అపెర్చర్ అనే ప్రోగ్రాముని తెస్తున్నామని ఆపిల్ 2005 అక్టోబరులో ప్రకటించింది. అడోబీ దగ్గర పోటీ ప్రోగ్రాము తయారీలో ఉంది కానీ పూర్తి కాలేదు. పూర్తయ్యేదాకా ఊరుకుంటే ఫోటోగ్రాఫర్లు అపెర్చర్‌కి అలవాటు పడిపోతారు. అందుకే 2006 జనవరి 9న లైట్‌రూమ్ బీటాను బయటపెట్టింది. అది మొదట మ్యాక్‌కి మాత్రమే. విండోస్ బీటా అదే ఏడాది జులైలో వచ్చింది. 1.0 వెర్షన్ అమ్మకానికి వచ్చేసరికి 2007 ఫిబ్రవరి. అంటే దాదాపు ఏడాదిపాటు ఫోటోగ్రాఫర్లు దాన్ని ఉచితంగా వాడారు, బాగున్నవీ బాగోలేనివీ చెప్పారు. ఈలోగా వాళ్ల చేతులు దానికి అలవాటు పడ్డాయి. ఫోటోలన్నీ ఒక ప్రోగ్రాములో సర్దుకున్నాక ఇంకోదానికి మారడం ఇల్లు మారడమంత పని.

2006 డిసెంబరులో వచ్చిన ఫోటోషాప్ సీఎస్3 బీటాకి కారణం వేరు. ఆ ఏడాదే ఆపిల్ ఇంటెల్ చిప్పులతో మ్యాక్‌లు అమ్మడం మొదలుపెట్టింది. పాత ఫోటోషాప్ వాటి మీద నేరుగా నడవక, అనువాదం చేసే ఒక పొర ద్వారా నెమ్మదిగా నడిచేది. అసలు సీఎస్3 వచ్చింది 2007 ఏప్రిల్లో. ఈ మధ్యకాలంలో కస్టమర్లు విసుగెత్తి పోకుండా బీటా పట్టి ఉంచింది.

ఇక 2023 మే 23న ఫోటోషాప్ బీటాలో జెనరేటివ్ ఫిల్ వచ్చింది. ఫోటోలో కొంత భాగం సెలెక్ట్ చేసి ఏం కావాలో రాస్తే ఏఐ నింపేస్తుంది. యూట్యూబ్ నిండా డెమోలే. కానీ బీటాలో ఉన్నంతకాలం దానితో చేసిన బొమ్మల్ని వ్యాపారానికి వాడకూడదని షరతు ఉండేది. ఆ షరతు సెప్టెంబరులో అసలు విడుదలతో పోయింది. డబ్బు తీసుకుని పెళ్లి ఆల్బమ్ చేసే కుర్రాడు ఆ షరతు చదివి ఉంటాడా?

"బీటా" అన్న మాట కంపెనీకి గొడుగులా కూడా పనికొస్తుంది. ఏదైనా తేడా వస్తే "బీటా అని ముందే చెప్పాం కదా" అనొచ్చు. 2004 ఏప్రిల్ 1న మొదలైన జీమెయిల్ 2009 జులై దాకా బీటా ముద్రతోనే ఉంది. అప్పటికి కోట్లమంది రోజూ దానిమీదే ఆధారపడ్డారు.

కాబట్టి బీటా ఒక బేరం. మనం మన సమయం, మన మెషీన్, మన అలవాట్ల సమాచారం ఇస్తాం. వాళ్లు కొత్త పనిముట్టుని ముందుగా ఇస్తారు. బేరం మనకు గిట్టుబాటు కావాలంటే మన అవసరం వాళ్లకు చేరాలి. తెలుగు విషయంలో అదే జరగడం లేదు.

జ్ఞా కొట్టిన దెబ్బ

2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా ఒక తెలుగు అక్షరం గురించి మాట్లాడుకుంది. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్‌కి "జ్ఞా" ఉన్న మెసేజ్ వస్తే ఆ యాప్ క్రాష్ అయ్యేది. మనం మామూలుగా రాసే "జ్ఞానం"తో ఇబ్బంది లేదు. జ, పొల్లు, ఞ తర్వాత దీర్ఘానికి ముందు కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే క్యారెక్టర్ చేరితేనే వచ్చేది చిక్కు. తప్పు అక్షరాలను పేర్చి చూపించే కోర్ టెక్స్ట్ అనే భాగంలో ఉంది. మ్యాక్‌లకూ ఇదే బెడద. ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి సరిచేసింది. విశేషం ఏంటంటే, అప్పటికే పరీక్షలో ఉన్న 11.3 బీటాలో ఈ సమస్య లేదు.

ఇలాంటివి ఎందుకు తప్పించుకుంటాయి? ఇంగ్లీషులో అక్షరాలు పక్కపక్కన నిలబడతాయి. తెలుగులో ఒకదాని కింద ఒకటి, పక్కన ఒకటి చేరి ఆకారం మార్చుకుంటాయి. 35 హల్లులకు ఒక్కో వత్తు చొప్పున చూస్తే 35×35, అంటే 1,225 రూపాలు. వాటికి 12 గుణింతాలు కలిపితే 14,700. భాషలో అన్నీ వాడకపోవచ్చు, ప్రోగ్రాము మాత్రం అన్నిటినీ తట్టుకోవాలి. కొన్నేళ్లపాటు ఫోటోషాప్‌లో యూనికోడ్ తెలుగు పేస్ట్ చేస్తే వత్తులు విడిపోయి పొల్లులు బయటికొచ్చేవి. ప్రిఫరెన్సుల్లో టైప్ దగ్గరికెళ్లి మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అన్నది ఎంచుకుంటే తప్ప సరయ్యేది కాదు. ఆ పేరు చూసి మన తెలుగుకి సంబంధించిందని ఎవరనుకుంటారు?

మన షాపులు దీనికి ఎప్పుడో ఒక దారి వెతుక్కున్నాయి. అను లాంటి పాత ఫాంట్లలో తెలుగు ముక్కలన్నీ ఇంగ్లీషు అక్షరాల గదుల్లో కూర్చుని ఉంటాయి. ఫోటోషాప్ దృష్టిలో అదంతా ఇంగ్లీషే, కాబట్టి వత్తులు విడిపోయే ప్రసక్తే లేదు. పని గడిచిపోయింది. కానీ ఆ దారిలో నడిచినంతకాలం కంపెనీ లెక్కల్లో తెలుగు వాడేవాళ్లే కనపడరు. ఒక షాపు ఏళ్ల తరబడి వేల తెలుగు బ్యానర్లు వేసినా, తెలుగు టెక్స్ట్ మీద ఒక్క ఫిర్యాదూ వెళ్లదు. ఫిర్యాదు రాని చోట అంతా బాగుందనుకుంటారు.

మనం చేయగలిగింది

బీటా వాడాలనుకుంటే ముందు మన పనిని కాపాడుకోవాలి. అసలు వెర్షన్ తీసేయకుండా బీటాను విడిగా ఇన్‌స్టాల్ చేయండి. ప్రాజెక్టు కాపీ మీదే ప్రయోగాలు చేయండి. రిజాల్వ్ లాంటి వాటిలో కొత్త వెర్షన్‌తో తెరిచిన ప్రాజెక్టు మళ్లీ పాత వెర్షన్‌లో తెరుచుకోకపోవచ్చు, కాబట్టి లైబ్రరీ బ్యాకప్ తప్పనిసరి. రేపు ఫెస్ట్ ఉందనగా ఈ రాత్రి పోస్టర్‌ని బీటాలో మొదలుపెట్టొద్దు.

తర్వాత తెలుగు పరీక్ష. కోటప్పకొండ తిరునాళ్ల ఫ్లెక్సీల మీద చూసే "శ్రీ త్రికోటేశ్వర స్వామి" అని యూనికోడ్‌లో టైప్ చేయండి. శ్రీ, త్రి, శ్వ, స్వా అని నాలుగు సంయుక్తాక్షరాలు ఒకేచోట దొరుకుతాయి. "మాచర్ల లక్ష్మీ చెన్నకేశవ స్వామి" అంటే క్ష్మీ కూడా వస్తుంది. "రాష్ట్రం", "స్త్రీ" కలపండి. సైజు పెంచండి, అక్షరాల మధ్య దూరం మార్చండి, వంపులో రాయండి, పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. ఎక్కడో ఒకచోట వత్తు జారిపోతే మీకు పని దొరికినట్టే.

"తెలుగు సరిగ్గా రావట్లేదు" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ప్రోగ్రాము వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్, ఫాంట్ పేరు రాయండి. ఏ పదం టైప్ చేశారో కాపీ చేసి పెట్టండి. ఏమేం చేశారో వరసగా చెప్పండి. ఎలా రావాలో ఒక స్క్రీన్‌షాట్, ఎలా వచ్చిందో ఇంకొకటి జతచేయండి. తెలుగు రాని ఇంజనీరు కూడా రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి తేడా పట్టుకోగలగాలి. బ్లెండర్, ఇంక్‌స్కేప్, జింప్ లాంటి ఓపెన్ సోర్స్ ప్రోగ్రాముల్లో ఈ రిపోర్టులు అందరికీ కనపడతాయి. మీ సమస్య ఇంకెవరైనా ముందే రాశారా అని వెతికి, ఉంటే అక్కడే మీ వివరం చేర్చండి. కోడింగ్ వచ్చినవాళ్లు సరిచేసి పంపొచ్చు కూడా.

మన క్యాంపస్‌లో తెలుగు చదవగలిగినవాళ్లూ, బగ్ రిపోర్టు రాయగలిగినవాళ్లూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. పెద్ద కంపెనీల టెస్టింగ్ గదుల్లో ఈ ఇద్దరూ ఒకచోట దొరకడం కష్టం. కొత్త బీటా వచ్చినప్పుడు ఒక అరగంట కేటాయించి పై నాలుగు పదాలు టైప్ చేసి చూడండి. తప్పు కనపడితే ఆ రోజే రాసి పంపండి. అచ్చయి ఊరంతా పంచాక శుభలేఖలో దీర్ఘం దిద్దలేం.